పాతబస్తీలో బొమ్మలు వేయడానికి ఎలాంటి ఈజిల్ కొనాలి

ఈజిల్ చేయాల్సిన పని ఒక్కటే. కాన్వాసునో, కాగితం అతికించిన బోర్డునో కావలసిన ఎత్తులో, కావలసిన వాలులో కదలకుండా పట్టి ఉంచడం. ఇంట్లో ఈ పనిని బరువైన స్టాండు చక్కగా చేస్తుంది. బయటికి బయలుదేరేసరికి ఆ బరువే అడ్డమవుతుంది. భుజానికి తేలిగ్గా ఉన్నది గాలికి నిలవదు, గాలికి నిలిచేది భుజానికి ఎత్తుకోలేం. ఇంటికీ బయటికీ ఒకే చెక్క ఈజిల్ కావాలనుకునే వారికి ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో బొమ్మలు వేసేవారికి ఆ చిక్కు ఇంకాస్త బిగుస్తుంది. నేలంతా రాతి పరుపు, సందుల్లో జనం, చార్మినార్ దగ్గరికి వాహనం వెళ్లే వీలు లేకపోవడం, ఇళ్లలో చిన్న గదులు, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే చెక్కను ఉబ్బించే వానాకాలం. దుకాణంలో అందంగా కనిపించే ఈజిల్‌ను వీటన్నిటికీ ఎదురుగా నిలబెట్టి చూడాలి.

అసలు ఈజిల్ అవసరమా అన్నది మొదటి ప్రశ్న. దక్కనీ సూక్ష్మచిత్రాలు గీసినవారికి ఈజిల్ లేదు. నేల మీద కూర్చుని, పలకను మోకాలికి ఆనించి, కంటికి దగ్గరగా పెట్టుకుని గీసేవారు. చేర్యాల నకాషీలు పటాన్ని నేల మీద పరిచే రంగులు వేస్తారు. ఛత్తాబజార్‌కు పేరు తెచ్చిన ఉర్దూ ఖత్తాతులు, అంటే అందమైన చేతిరాత రాసేవారు, సంప్రదాయంగా కూర్చునే తీరు కూడా అదే, ఎత్తిన మోకాలే వారి బల్ల. నిలువుగా నిలబెట్టిన కాన్వాసు, దాని ముందు నిలబడి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకునే అలవాటు తైలవర్ణాలతో పాటు వచ్చాయి. అమెరికన్ చిత్రకారుడు జాన్ గోఫ్ రాండ్ 1841లో మడతపెట్టగలిగే తగరపు రంగు ట్యూబుకు పేటెంటు పొందాకే తైలవర్ణాలను సంచిలో వేసుకుని ఆరుబయటికి వెళ్లడం సులువైంది. మోసుకుపోయే ఈజిళ్లకు గిరాకీ పెరిగింది ఆ తర్వాతే.

తెలుగువారికి ఈ పద్ధతి కళాశాలల దారిలో చేరింది. రాజమహేంద్రవరం నుంచి దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లి నేర్చుకున్నారు. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన ఆ చిత్రకారుడు వదిలివెళ్లిన వాటిలో ప్రకృతి దృశ్యాలకూ చోటుంది. హైదరాబాద్‌లో 1940లో మొదలైన ప్రభుత్వ చిత్రకళా పాఠశాల పెరిగి పెద్దదై, 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. అక్కడ చదువు చెప్పిన కొండపల్లి శేషగిరిరావు దక్కను కొండరాళ్లను ఎంతో ఇష్టంగా గీశారు. రాళ్లూ కోటలూ కమాన్లూ ఉన్న ఊళ్లో ఆరుబయట గీయాలన్న కోరిక విద్యార్థికి సహజంగానే పుడుతుంది. ఆ కోరిక తీరడానికి స్టాండు తప్పనిసరేమీ కాదు. నీటిరంగుల్లో చిన్న బొమ్మలు వేసేవారు, పెన్నుతో స్కెచ్చులు గీసేవారు ఒడిలో బోర్డు పెట్టుకుని ఏ మెట్టు మీదో కూర్చుంటే చాలు. పావు షీటు, అంటే 11×15 అంగుళాల కాగితం దాకా ఈ పద్ధతి హాయిగా నడుస్తుంది. సగం షీటు దాటితే చేయి అందదు, మెడ పట్టేస్తుంది. తైలవర్ణాలైతే చిన్న కొలతలకు కూడా బొమ్మ నిలువుగా ఉండటమే మేలు. ఈజిల్ ఎంపిక ఇక్కడి నుంచే మొదలవుతుంది.

బజారులో దొరికే చెక్క ఈజిళ్లు చూడటానికి చాలా రకాలైనా, మడిచి తీసుకుపోదగినవి నాలుగు తీరులే. బల్ల మీద పెట్టుకునే చిన్న ఈజిల్ మొదటిది. దానికి బల్ల ఉండాలి, కాబట్టి బయటి పనికి లెక్కలోకి రాదు. మూడు కాళ్ల మడత ఈజిల్ రెండోది. కాళ్లు ఒకదాంట్లోంచి ఒకటి జారి పొడవవుతాయి, మడిస్తే కట్టెల కట్టలా చంకలో ఇమిడిపోతుంది. బరువు ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోల మధ్య ఉంటుంది. మూడోది ఫ్రెంచ్ బాక్స్ ఈజిల్. రంగుల పెట్టె, ప్యాలెట్, స్టాండు మూడూ ఒకటే. నాలుగోది పోషాడ్ పెట్టె. పుస్తకంలా తెరుచుకునే చిన్న పెట్టెను కెమెరా ట్రైపాడ్ మీద బిగిస్తారు. మూత మీద బొమ్మ, అడుగున ప్యాలెట్. ఇవి కాక స్టూడియోలో నిలబెట్టే హెచ్ ఆకారపు పెద్ద ఈజిల్ ఉంది. పది కిలోలు దాటే ఆ స్టాండును ఆరుబయటికి తీసుకెళ్లాలన్న ఆలోచనే పెట్టుకోకూడదు.

చూపరులను ఎక్కువగా ఆకట్టుకునేది బాక్స్ ఈజిలే. ఇత్తడి కొక్కేలు, తోలు పిడి, నున్నగా పాలిష్ పట్టిన బీచ్ చెక్క, లోపల రేకు తొడిగిన సొరుగు. పూర్తి కొలత పెట్టె ఖాళీగానే ఐదున్నర, ఆరు కిలోలు తూగుతుంది. అందులో డజను ట్యూబుల రంగు, బ్రష్షులు, టర్పెంటైన్ సీసా, అవిసె నూనె, పాత గుడ్డలు వేస్తే ఎనిమిది కిలోలు దాటిపోతుంది. సగం వెడల్పు పెట్టె నాలుగు కిలోల చిల్లర ఉంటుంది. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి చార్మినార్ దాకా దాదాపు రెండు కిలోమీటర్లు నడిచేవారికి ఈ తేడా భుజమే చెబుతుంది. పైగా దాని కాళ్లు మూడూ విడివిడిగా తిరిగి, విడివిడిగా జారి, విడివిడిగా బిగుసుకుంటాయి. అలవాటు పడేదాకా తెరవడానికి పది నిమిషాలు పడుతుంది, మూసేటప్పుడు అంతకంటే ఎక్కువ. లాడ్‌బజార్ సందులో నిలబడి అన్ని మరలూ బిగించేలోపు చుట్టూ జనం గుమిగూడతారు. ఎండ ఒక కమాను మీద నుంచి ఇంకో కమాను మీదికి మారిపోతుంది.

అలాగని బాక్స్ ఈజిల్ పనికిరానిదని కాదు. తైలవర్ణాలతో 16×20, 18×24 అంగుళాల కాన్వాసులు వేసేవారికి, కారులోనో ఆటోలోనో వెళ్లి ఒకే చోట మూడు గంటలు నిలబడేవారికి దానికి సాటి లేదు. రంగులు చేతికి అందేచోటే ఉంటాయి, సొరుగు బయటికి లాగి ప్యాలెట్ దాని మీద పరుచుకోవచ్చు, తడి కాన్వాసును స్టాండుకే బిగించి ఇంటికి తెచ్చుకోవచ్చు. చౌమహల్లా ప్యాలెస్ తోట, సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధుల ఆవరణ లాంటి నెమ్మదైన చోట్ల, ముందుగా సిబ్బందిని అడిగి, తీరిగ్గా పని చేసుకోవడానికి ఇది సరిపోతుంది. ఇంటికి వచ్చాక కాళ్లు పూర్తిగా దించి చిన్న స్టూడియో ఈజిల్‌గానూ వాడుకోవచ్చు. చిన్న గదిలో వేరే స్టాండుకు చోటు లేనివారికి ఇదొక పెద్ద సదుపాయం.

నడిచి తిరిగేవారికి మాత్రం, అందులోనూ విద్యార్థులకు, మూడు కాళ్ల మడత ఈజిలే సరైనది. దీని మీద సాధారణంగా వినిపించే ఫిర్యాదు ఊగుతుందని. ఆ ఊపుకు మందు బరువైన ఈజిల్ కొనడంలో లేదు, తేలికైన ఈజిల్‌కు అక్కడికక్కడ బరువు కట్టడంలో ఉంది. మూడు కాళ్లు కలిసేచోట కొక్కెం బిగించి, రంగుల సంచిని దానికి వేలాడదీస్తే చాలు. సంచి ఎలాగూ మోసుకొచ్చిందే కాబట్టి అదనపు మోత ఏమీ లేదు. సంచి నేలను తాకీ తాకనట్టు ఉండాలి. మరీ పైన వేలాడితే గాలికి ఊగి స్టాండును కూడా ఊపుతుంది.

గాలి లెక్క కాస్త వివరంగా చూడదగినది. 16×20 అంగుళాల కాన్వాసుకు ఎదురుగా గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే దాని మీద పడే ఒత్తిడి సుమారు అరకిలో బరువంత. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అంటే 40 కిలోమీటర్ల గాలికి రెండు కిలోల దగ్గరికి వస్తుంది. ఆ తోపు నాలుగడుగుల ఎత్తులో పడుతుంది కాబట్టి రెండు కిలోల స్టాండును పడగొట్టడానికి మొదటి గాలే చాలు. నాలుగు కిలోల సంచి వేలాడితే అదే స్టాండు మూడింతలు గట్టిగా నిలుస్తుంది. కాళ్లు ఎటు పెట్టామన్నది కూడా ముఖ్యం. మూడో కాలు వెనక ఉంటుంది కాబట్టి చిత్రకారుడి వీపు వైపు నుంచి వచ్చే గాలిని అది ఆపుకుంటుంది. ఎదుటి నుంచి వచ్చే గాలికి స్టాండు ముందుకు, చిత్రకారుడి మీదికే వాలుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా హైదరాబాద్‌లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. ఆ నెలల్లో తూర్పు ముఖంగా నిలబడటం క్షేమం. ఈజిల్‌కు గొడుగు బిగించడం మాత్రం ఏ నెలలోనూ మంచిది కాదు. కాన్వాసు కంటే గొడుగే పెద్ద తెరచాప.

నేల సంగతికి వస్తే, దుకాణాల్లో అమ్మే చాలా ఈజిళ్ల కాళ్ల చివర ఇనుప ముల్లు ఉంటుంది. మట్టి నేలలో, పొలం గట్టు మీద అది దిగబడి పట్టు ఇస్తుంది. చార్మినార్ చుట్టూ పరిచిన రాయి మీద అదే ముల్లు జారిపోతుంది, గుల్జార్ హౌజ్ దగ్గరా అంతే. కుర్చీ కాళ్లకు తొడిగే రబ్బరు బుష్షులు కొని తొడిగితే సమస్య తీరిపోతుంది. ముల్లు లోపలికి తిప్పి రబ్బరు బయటికి తెచ్చుకునే ఏర్పాటున్న కాళ్లు ఇంకా మేలు. రాతి పరుపు ఎక్కడా సమంగా ఉండదు కాబట్టి ప్రతి కాలూ విడిగా పొడవు తగ్గించుకోగలిగి ఉండాలి. మూడు కాళ్లు ఒకేసారి తెరుచుకునే చవక రకాలు ఇక్కడే విఫలమవుతాయి.

ఎండ సంగతి దీనికంటే సూక్ష్మమైనది. కాన్వాసు మీద సూటిగా ఎండ పడితే రంగులన్నీ ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తాయి. చిత్రకారుడు తెలియకుండానే ముదురు రంగులు కలుపుతాడు. గదిలోకి తెచ్చి గోడకు ఆనించేసరికి బొమ్మ మసకబారినట్టు ఉంటుంది. అందుకే ఈజిల్ తల భాగం వెనక్కే కాక ముందుకూ వాలాలి, అలా వాలితే మెరుపు తగ్గుతుంది. స్టాండును నీడలో పెట్టి ఎండలో ఉన్నదాన్ని గీయడం అన్నిటికంటే మంచి ఉపాయం.

చార్మినార్ నాలుగు కమాన్లు నాలుగు దిక్కులకు చూస్తాయి. 1591 నాటి ఈ కట్టడానికి దిక్కులతో ఉన్న పొందిక వల్ల వెలుగు ఎప్పుడు ఏ ముఖం మీద పడుతుందో ముందే లెక్క కట్టవచ్చు. ఉత్తరాన గుల్జార్ హౌజ్ వైపు నిలబడితే చలికాలమంతా కట్టడం ఆ వైపు నీడలోనే ఉంటుంది, మీనార్లు ఆకాశం మీద నల్లటి ఆకారాలుగా నిలుస్తాయి. మే నెల రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, అప్పుడు ఆ ముఖానికీ ఎండ తగులుతుంది. సాయంత్రపు పసుపు వెలుగు కావాలంటే పడమట లాడ్‌బజార్ మొగదలకు వెళ్లాలి. చలికాలంలో గుల్జార్ హౌజ్ నుంచి దక్షిణం చూస్తూ గీసేవారికి ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఎండ కాన్వాసు వెనక నుంచి పడి బట్టలోంచి వెలుగు తొంగి చూస్తుంది, రంగుల విలువలు తారుమారవుతాయి. వెనక ఒక అట్ట పెట్టుకుంటే చాలు. అయితే ఆ అట్ట పట్టేంత లోతు కాన్వాసు కూర్చునే ఈజిల్ అంచు పట్టీకి ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి.

నీటిరంగుల వారికి ఇవన్నీ పక్కన పెట్టి చూడాల్సిన గుణం ఒకటుంది. స్టాండు తల పూర్తిగా అడ్డంగా, బల్లలా పడుకోవాలి. తడి వాష్ వేసేటప్పుడు బోర్డు పది పదిహేను డిగ్రీలకు మించి వాలితే రంగు కిందికి కారిపోతుంది. చాలా మూడు కాళ్ల ఈజిళ్లు తైలవర్ణాల కోసమే చేసినవి, నిలువు నుంచి కాస్త వెనక్కి వాలి ఆగిపోతాయి. తల తిరిగే కీలు ఉన్నది దొరక్కపోతే మామూలు కెమెరా ట్రైపాడ్ మీద చెక్క బోర్డు బిగించుకోవడం దానికంటే నయం. ఆక్రిలిక్ వాడేవారికి స్టాండు కంటే నీడ ముఖ్యం. ఏప్రిల్ ఎండలో ప్యాలెట్ మీద రంగు నిమిషాల్లో తోలు కట్టేస్తుంది.

ఇంటి పనికి కావలసిన గుణాలు వేరు. బ్రష్షుతో గట్టిగా నొక్కినా కాన్వాసు వెనక్కి తగ్గకూడదు, మూడడుగుల కాన్వాసైనా పట్టాలి, కూర్చుని గీసినా నిలబడి గీసినా ఎత్తు కుదరాలి. పూర్తి కొలత బాక్స్ ఈజిల్ 32 అంగుళాల ఎత్తు కాన్వాసు దాకా పడుతుంది. అంతకు మించిన పని ఇంట్లోనే చేసేవారు దానికోసం ‘A’ ఆకారపు పెద్ద స్టాండు ఒకటి గోడ వారగా పెట్టుకుని, బయటికి మూడు కాళ్లది వాడటమే తెలివైన పని. రెండూ కలిపినా మంచి బాక్స్ ఈజిల్ ఖరీదు కాదు. పాతబస్తీలో ఇంటికీ బయటికీ మధ్య ఇంకో చోటు ఉంది, అది మిద్దె. షాహలీబండ వైపు, పత్తర్‌గట్టి వెనక ఉన్న పాత ఇళ్ల మిద్దెల మీద నుంచి మీనార్లు, మక్కా మసీదు గుమ్మటాలు జనం తోపులాట లేకుండా కనిపిస్తాయి. ఆ ఇళ్ల మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. పెట్టె పట్టుకుని ఎక్కడం కష్టం, మూడు కాళ్ల కట్ట సులువుగా వెళ్తుంది. అయితే మిద్దె మీద గాలి కింది కంటే ఎక్కువ, పిట్టగోడకు తాడు కట్టాల్సి రావచ్చు.

ఇక చెక్క. దుకాణపు ఈజిళ్లలో ఎక్కువ భాగం బీచ్, పైన్. బీచ్ గట్టిది, నున్నగా వస్తుంది, మరలను బాగా పడుతుంది. దాని లోపం తేమ. వానాకాలంలో ఉబ్బి, జారే కాళ్లు ఇరుక్కుపోతాయి, వేసవిలో కుంచించుకుని వదులవుతాయి. పైన్ తేలిక, చవక, కానీ మెత్తన. మర బిగించిన ప్రతిసారీ వాషరు దానిలోకి కొంచెం దిగుతుంది, రెండేళ్లకు ఆ చోట గుంట పడి పట్టు పోతుంది. మామిడి చెక్కకు పుచ్చు భయం. శీషం అందమైనదే, బరువు ఎక్కువ. తెలంగాణలో బాగా తెలిసిన టేకు ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. తేమకు అతి తక్కువగా కదులుతుంది, చెదలు అంత తేలిగ్గా పట్టవు, బరువు బీచ్ కంటే తక్కువ. పెద్ద కంపెనీలు టేకు ఈజిళ్లు అరుదుగా చేస్తాయి. వడ్రంగి చేత చేయించుకోవడమే దారి, అందులో నష్టమేమీ లేదు.

ముప్పావు అంగుళం మందం, ఒకటింపావు అంగుళం వెడల్పున్న మూడు ఐదడుగుల టేకు పట్టీలకు సుమారు కిలో ముప్పావు బరువు వస్తుంది. అంచు పట్టీ, తల, మరలు కలిపితే రెండుంపావు, రెండున్నర కిలోలు. తలుపుల పనిలో మిగిలిన ముక్కలు కూడా సరిపోతాయి, నారు నిలువునా తిన్నగా ఉంటే చాలు. కాళ్లకు నారు ఏటవాలుగా పోయినా, ముడి ఉన్నా అక్కడే విరుగుతుంది. మరలు, రెక్కల నట్లు, వెడల్పు వాషర్లు బేగంబజార్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. ఆరు మిల్లీమీటర్ల బోల్టు చాలు. చెక్కకు తగిలే ప్రతి వైపూ వెడల్పు వాషరు, నట్టు కింద ఒక స్ప్రింగ్ వాషరు వేయించాలి. పై కాలు, కింది కాలు ఒకదాని మీద ఒకటి జారే చోట వడ్రంగి మరీ బిగువుగా పట్టిస్తే పని బాగుందనుకుంటారు. వేసవిలో చేసినదైతే కాగితం మందమంత సందు వదలమని చెప్పాలి, లేకపోతే ఆగస్టులో కాలు బయటికి రాదు.

దుకాణంలో కొనేవారు బొమ్మ పెట్టకుండా ఈజిల్‌ను పరీక్షించకూడదు. తమ వద్ద ఉన్న మామూలు కొలత కాన్వాసు తీసుకెళ్లి, స్టాండు పూర్తిగా తెరిచి, అన్నీ బిగించి, కాన్వాసు పై మూలను వేలితో తోసి చూడాలి. అటూ ఇటూ కాస్త మెలి తిరిగితే తప్పు కాళ్లది కాదు, అవి కలిసే కీలుది. కిందికి జారితే తప్పు మరది. మరను మార్చుకోవచ్చు, కీలు బాగుచేయడం కష్టం. తర్వాత అంచు పట్టీ మీద అరచేత్తో కిందికి నొక్కాలి. బాక్స్ ఈజిల్ అయితే మడత బందుల మరలు ఎంత పొడవో అడగాలి, ఒక్కటి విప్పి చూడనిస్తే ఇంకా మంచిది. పలకలు పల్చన కాబట్టి పొట్టి మరలు వాడతారు, పెట్టె బరువంతా మోసే పిడి దగ్గర అవే ముందు ఊడతాయి. సొరుగు పూర్తిగా బయటికి లాగినప్పుడు పెట్టె ముందుకు తూగకూడదు. చివరగా అంతా మడిచి, చేత్తో పట్టుకుని దుకాణం మెట్లు ఒకసారి దిగి ఎక్కాలి. మోకాలికి తగిలే పెట్టెను నెలకోసారి కూడా బయటికి తీయరు.

ఈజిల్ వాడకంలో చెడేవి మరలు, జారే చోట్లు. వానాకాలం ముందు ఇనుప మరలకు ఒక చుక్క నూనె, చెక్క జారే చోట కొవ్వొత్తి మైనం రుద్దాలి. మైనం ఉన్నచోట నూనె వేయకూడదు, దుమ్ము పట్టి జిడ్డుగా మారుతుంది. ఏడాదికోసారి పాలిష్ పోయిన చోట్ల అవిసె నూనె పల్చగా పూసి గుడ్డతో తుడిచేస్తే టేకుకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆ గుడ్డను ఉండ చుట్టి సొరుగులోనో చెత్తబుట్టలోనో పడేయడం ప్రమాదం. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. దాన్ని విప్పి దండెం మీద ఆరేసి, పూర్తిగా గట్టిపడ్డాక పారేయాలి. తైలవర్ణాలు తుడిచిన గుడ్డలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.